నోటు పుస్తకాల మనిషి

ఆ నోటు పుస్తకాలు రాసినవాడంటే పెద్దాయనకు ఒళ్లు మంట.

మంటగా ఉండదూ మరి! పొద్దున్నే కాఫీ ఇచ్చిందో లేదో, భార్య వెళ్లి వాటి ముందు కూర్చుంటుంది. ఒకటి కాదు, రెండు కాదు, ముప్పై ఒక్క పుస్తకాలు. పేజీ తిప్పుతూ తనలో తను నవ్వుకుంటుంది. ఒక్కోసారి కొంగుతో కళ్లు కూడా ఒత్తుకుంటుంది. పెళ్లయి ఇన్నేళ్లయింది, తన వంక ఒక్కసారైనా అలా చూసిందా? చూసినట్టు ఆయనకు గుర్తు లేదు.

ఆవిడది అడవుల పరిశోధన. ఇంట్లోనూ అదే పద్ధతి. మొక్కలకు చీటీలు కట్టే చెయ్యి కదా, డబ్బాలకూ, అల్మరాలకూ, ఆఖరికి బాత్రూం తలుపుకూ చీటీలు అంటించింది. పెద్దాయన పల్లెత్తు మాట అనలేదు. చీటీలను భరించవచ్చు. ఈ పుస్తకాల మనిషిని భరించడమే ఆయన వల్ల కావడం లేదు.

"ఇంతకీ ఎవడు వాడు?" అని ఆ రోజూ అడిగాడు.

"అడవిలో తిరిగి చెట్లు కొలిచిన మనిషి," అంది ఆవిడ తల ఎత్తకుండా.

"కొలవడం కూడా ఓ ఘనకార్యమేనా? దర్జీ మనుషుల్ని కొలవడం లేదూ?"

ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు తన మాటకో, పుస్తకంలోని మాటకో తేలక ఆయన ఇంకాస్త ఉడుక్కున్నాడు.

నిజానికి ఆ వారం ఆవిడకు నవ్వే తీరిక లేదు. అడవి మధ్య నుంచి రోడ్డు వేస్తామంటున్నారు. ఒకప్పుడు కాలిపోయిన భాగంలో మళ్లీ అడవి లేవదు, రోడ్డు పడితే పోయేదేమీ లేదని వాళ్ల మాట. లేచింది, ఎవరి చెయ్యీ పడకుండా దానంతటదే లేచింది అని ఈవిడ మాట. తేల్చడానికి ఎల్లుండి కమిటీ వస్తోంది.

చూపించడానికి ఉన్న సాక్ష్యం ఒక్కటే, నాలుగో ప్లాటు. ప్లాటంటే అడవిలో ఓ ముక్కకు హద్దులు పెట్టి, లోపలి చెట్లన్నిటికీ నంబరు బిళ్లలు కొట్టి, లావు కొలిచి రాసుకునే చోటు. మిగిలిన మూడింటి జాడా దొరికింది. అవి మంట తగలని చోట ఉన్నాయి. కాలిన చోట, మళ్లీ మొలిచిన చెట్లకు బిళ్లలు కొట్టి పెట్టింది ఈ నాలుగోదే. కలప దొంగలకు తెలియకూడదని ఆ మనిషి దాన్ని ఏ మ్యాపులోనూ చూపించలేదు.

"ఏం రాశారో వినండి," అని ఆవిడే పైకి చదివింది. "'ఈ చోటు ఎక్కడుందో కాగితం మీద పెట్టను. నాకు గుర్తుంటుంది.'"

"గుర్తుంటుందట! మహా మొనగాడు!" పెద్దాయన మూతి మూడు వంకర్లు తిప్పాడు. "ఉన్నాడా, పోయాడా?"

"ఉన్నారు."

"మరి వెళ్లి అడగరాదూ?"

"రోజూ అడుగుతూనే ఉన్నాను. చెప్పడం లేదు."

రోజూ! పెద్దాయన గుండెల్లో రాయి పడింది. అంటే రోజూ కలుస్తోందన్నమాట. బతిమాలుకుంటోందన్నమాట. వాడేమో బెట్టు చేస్తున్నాడు.

"ఆ అడవి వాడి అబ్బ సొత్తా? నేను తిరగలేదా?" అంటూ విసురుగా లేచాడు. "రాసుకో. వాగు రెండుగా చీలిన చోట ఎడమ పాయ పట్టుకో. నల్ల బండ వచ్చేదాకా ఎక్కు. బండకు వీపు ఆనించి నిలబడి, ఎదురుగా ఎనభై అడుగులు దిగు. బిళ్లల కోసం ఛాతీ ఎత్తులో వెతక్కు, దొరకవు. మోకాలి ఎత్తులో, కొండ వైపు కొట్టి ఉంటాయి."

ఆవిడ పెన్ను ఆగింది. "మీకెలా తెలుసు?"

"దొంగల కంట పడకూడదనుకున్నవాడు ఇంకెక్కడ కొడతాడు? కాస్త బుర్ర ఉంటే చాలు. వాడి దగ్గరికి పరుగెత్తక్కర్లేదు."

ఆవిడ వెంటనే అడవి అంచున విడిది చేసిన శిష్యురాలికి ఫోన్ చేసి, ఆయన చెప్పింది చెప్పినట్టు అప్పగించింది.

మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. అవతలి గొంతు గదంతా వినిపించింది. "మేడమ్, దొరికింది! ఒకటో నంబరు బిళ్ల నా చేతి కిందే ఉంది! మీకెవరు చెప్పారు మేడమ్?"

ఆవిడ ఫోన్ పక్కన పెట్టింది. వచ్చి పెద్దాయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ పుస్తకాల వంక చూసే చూపు మొట్టమొదటిసారి తన మీద పడిందనుకుని ఆయన పొంగిపోయాడు. అయినా అసూయ ఒక పట్టాన వదిలేది కాదు కదా.

"కమిటీకిచ్చే కాగితంలో వాడి పేరు రాశావంటే నేను ఊరుకోను. చోటు చెప్పింది నేను," అన్నాడు.

"మీరే సంతకం పెట్టండి," అంటూ ఆవిడ కాగితమూ పెన్నూ చేతికిచ్చింది.

పెద్దాయన పగవాణ్ని గెలిచిన దర్జాతో గీసిన ఆ సంతకమే, ముప్పై ఒక్క నోటు పుస్తకాల్లోనూ ప్రతి పేజీ అడుగున ఉంది.