రంగప్ప కాటా

"నువ్వు పట్టు దారం చిలపలు నడుముకు చుట్టుకొని పోతాండావని ఎవరో కార్డు రాసినారబ్బా, జమ్రూద్." రంగప్ప సావుకారు నా నడుము కల్లే చూస్తాండాడు. "నిజమే, నెల కింద ఇంత లేదు. దొరికితే నిన్ను మగ్గం పనిలోంచి దించేస్తా."

"తడిమితే చెయ్యి ఇరుగుతాది," అన్నా. "నమ్మకం లేకుంటే కాటా ఎక్కిచ్చు."

ధర్మవరంలో తూకం తప్ప దేన్నీ నమ్మడు ఆయప్ప. పట్టు మూటలు తూచే కాటా మీద నన్ను వచ్చేటప్పుడొకసారి, పొయ్యేటప్పుడొకసారి తూచి నోటుబుక్కులో రాసినాడు. నేను సంగటి ముద్ద సగం చేసి, రోజూ స్టేషను దాకా నడిచినా.

నెల తిరిగింది. అన్ని పూటలా యాభై ఎనిమిది కిలోలే.

"తూకం పెరగలా. మరి నడుము యాడి నుంచి వచ్చెనబ్బా?"

"ఉండేదే జరిగి కూర్చునింది. నా మీద నింద పోయిందని సంతకం పెట్టి ఆ తూకాలు రాసిన కాగితం చించి ఇయ్యి."

సిగ్గుపడి ఇచ్చినాడు.

బెంగళూరులో దాన్ని డాక్టరమ్మ ముందర పెట్టినా. పోయినసారి ఆడదాన్నయ్యే మాత్రలు ఇచ్చేటప్పుడే ఆమె చెప్పింది: "కొవ్వు తుంటికి చేరుతుంది, మంచిదే. మొత్తం బరువు మాత్రం పెరగకూడదు. నెలంతా తూచుకొని రాసి తీసుకురా. లేకుంటే మాత్ర పెంచను."

ఊర్లో నేను యాడ కాటా ఎక్కినా నలుగురు చేరి నవ్వుతారు.

"ఎంత పద్ధతిగా రాసినారు," అంటా డాక్టరమ్మ మాత్ర పెంచింది.

రంగప్పకు ఆ కార్డు రాసింది నేనే. ఎడమ చేత్తో.