కొలను మూలన పువ్వు

అలబామాలో మా ఊరి తెల్లవాళ్ల ఈతకొలనులో మా నల్లపిల్లలూ దిగొచ్చని కోర్టు తీర్పిచ్చింది. చర్చిలో అందరం గొంతెత్తి పాడుతుంటే, తాపీపని చేసే మా ఆయన ఓడెల్ నోరు మెదపలేదు.

"ఏంటయ్యా, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావ్?"

"మునిసిపాలిటీవాళ్లు రేపట్నించి పనికి రమ్మన్నారే," అన్నాడు, అంతే.

కొలను తెరిచే రోజున, నేను కుట్టిన ఈతబట్టలు తొడిగి మా పాపని తీసుకెళ్లాను. చుక్క నీరు లేదు. మాతో కలిసి ఈదడం ఇష్టంలేక, తెల్లవాళ్లు కొలనునే అంచుదాకా సిమెంటుతో పూడ్పించేశారు.

"ఇది పూడ్చినవాడి చేతులు పడిపోనూ!" అని శాపనార్థాలు పెట్టాను.

పాప మూలకి పరుగెత్తింది. అక్కడ సిమెంటులో మేకుతో గీసిన పువ్వుంది, మా గుమ్మం మెట్టు మీద ఓడెల్ గీసినదానిలాంటిదే.

"అమ్మా, నాన్న పువ్వు!" పాప చప్పట్లు కొట్టింది. "ఇది మన నాన్నే కట్టాడు!"