గడియ లేని తలుపు

లూబెన్ కొండ మీద ఒక మొక్కని వేళ్లతో సహా పెకలిస్తుంటే వెనక ఎవరో దగ్గారు.

తెల్లగడ్డం, గొర్రెతోలు టోపీ, చేతిలో కర్ర, భుజాన గుడ్డసంచి. ముసలాయన.

"దాన్ని అక్కడే పెట్టెయ్ బాబూ. ఈ అడవిలో ఏదీ పీకకూడదు."

లూబెన్ నొచ్చుకున్నాడు. సోఫియా నగరంలో వాళ్ల పక్క ఫ్లాటువాళ్ల బాల్కనీలో నిమ్మచెట్టు కాసింది. దానికి జవాబుగా తన బాల్కనీలో ఈ పిరిన్ కొండల పొట్టి పైన్ మొక్క ఉండాలని అతని పట్టుదల. తను పన్నులు కట్టే మనిషిననీ, ఒక్క మొక్కకి కొండేం అరిగిపోదనీ చెప్పాడు. చెబుతూనే మొక్కని సంచిలో వేసుకున్నాడు.

ముసలాయన వాదించలేదు. ఆకాశం వైపు చూశాడు.

"మబ్బు దిగుతోంది. పైన రాతిగదికి వెళ్లిపోండి. తలుపు మాత్రం బిగించుకోకండి. ఎవరైనా రావచ్చు."

అని పొగమంచులోకి నడిచాడు. రెండంగల్లో కనబడకుండా పోయాడు.

"అలా మాయమైపోయాడేంటి?" అంది పక్కనే ఉన్న భార్య దఫీనా.

"పొగమంచులో అందరూ మాయమవుతారు. కావాలంటే నువ్వూ వెళ్లి చూడు."

కొండెక్కేవాళ్లు రాత్రికి తలదాచుకునే ఆ రాతిగదిని చూసుకునే స్పాస్ రొట్టెల కోసం ఊళ్లోకి దిగాడు. రేపు పొద్దున్నే వస్తానని ముందే ఫోన్లో చెప్పాడు.

తలుపు మీద వర్ధంతి కాగితం అంటించి ఉంది. అది మామూలే. పోయినవాళ్ల ఫోటో లేని తలుపు గానీ, స్తంభం గానీ ఆ చుట్టుపక్కల ఉండదు. లూబెన్ అలవాటుగా చదవబోయి ఆగిపోయాడు.

అదే గడ్డం. అదే టోపీ. కింద 'కిరిల్' అని పేరు. 'నువ్వు పోయి పదేళ్లు' అని ఇంకో వరుస.

దఫీనా వేలితో కాగితం అంచుని ముట్టుకుంది.

జిగురు ఇంకా తడిగానే ఉంది.

ఇద్దరూ గబగబా లోపలికి వెళ్లారు.

లూబెన్ గడియ కోసం వెతికాడు. లేదు. గడియ ఉండాల్సిన చోట నాలుగు మేకుల కన్నాలున్నాయి. ఇంట్లో బాత్రూంకే రెండు గడియలు పెట్టించిన మనిషి అతను. బల్లని తలుపుకి అడ్డంగా జరిపాడు. బల్ల మీద బెంచీ ఎక్కించాడు. బెంచీ మీద, ఎందుకైనా మంచిదని, తన కొత్త బూట్లు పెట్టాడు. హిమాలయాలు ఎక్కేవాళ్లు వేసుకుంటారని కొట్టువాడు చెప్పిన బూట్లవి. అంతవరకూ కూరగాయల బజారు దాకానే వెళ్లాయి.

మధ్యాహ్నం తిరిగేసరికి మంచు కురవడం మొదలైంది. చీకటి పడకముందే తలుపు చప్పుడైంది.

"నేనే," అంది బయట గొంతు. "దారిలో కలిశామే."

దఫీనా మొగుడి చెయ్యి పట్టుకుంది. లూబెన్‌కి విషయం అర్థమైపోయింది. మొక్క కోసం వచ్చాడు.

కిటికీ జానెడు తెరిచి మొక్కని బయటికి విసిరాడు. "తీసుకోండి. తప్పయిపోయింది. దయచేసి వెళ్లిపోండి," అన్నాడు. దారిలో ఇవ్వని మర్యాదంతా ఇప్పుడిచ్చాడు.

బయట కర్ర గోడకి ఆనించిన చప్పుడైంది.

"మొక్క కాదు బాబూ. చలి. తలుపు తియ్యి."

దఫీనా బల్ల మీద చెయ్యి వేసింది. "చలేస్తోందంటున్నాడయ్యా."

"చచ్చినవాడికి చలేంటే?"

దఫీనా బల్ల మీంచి చెయ్యి తీసేసింది.

తర్వాత గోడ చుట్టూ అడుగుల చప్పుడు వినిపించింది. కిటికీ దగ్గర ఆగింది. లూబెన్ తెర లాగేశాడు. ఆ తర్వాత గాలి తప్ప ఏమీ లేదు.

"చూశావా, గట్టిగా ఉంటే దయ్యమైనా పోవాల్సిందే," అన్నాడు. దఫీనా ఇంటి దగ్గర చేసి తెచ్చిన జున్నురొట్టె రెండు ముక్కలు తిన్నాడు కూడా.

పొద్దున్నే స్పాస్ వచ్చాడు. బూట్లు, బెంచీ, బల్ల జరిపేదాకా మంచులో నిలబడ్డాడు.

లోపలికి రాగానే మూలమూలా చూశాడు.

"మెతోడి ఏడీ? ఆయన కర్ర బయట గోడకి ఆనించి ఉంది."

మెతోడి ఎవరో తమకి తెలియదన్నాడు లూబెన్.

స్పాస్ మళ్లీ బయటికి వెళ్లాడు. కిటికీ కింద పైన్ మొక్క కనిపించింది. ఎవరో దాన్ని మట్టిలో గుచ్చి, గాలి తగలకుండా చుట్టూ రాళ్లు పేర్చారు. అక్కణ్ణుంచి సగం పూడిపోయిన అడుగుల జాడలు దిగువకి వెళ్లాయి. స్పాస్ వాటి వెంట వెళ్లాడు.

చాలాసేపటికి తిరిగొచ్చాడు. గొర్రెతోలు టోపీ ఒకటి చేతిలో పట్టుకుని ఉన్నాడు. దాని మీద మంచు గడ్డకట్టి ఉంది.

లూబెన్ తలుపు మీద కాగితం వైపు చూపించాడు.

"కానీ ఈయన... పదేళ్ల కిందటే..."

"అది కిరిల్," అన్నాడు స్పాస్. "ఇలాగే మంచులో వచ్చి ఈ తలుపే కొట్టాడు. లోపలున్నవాళ్లు ఎలుగుబంటి అనుకుని గడియ తియ్యలేదు."

స్పాస్ టోపీ మీద మంచు దులిపి, దాన్ని పొయ్యి దగ్గర ఆరేశాడు.

"ఆ గడియ ఊడబీకిందీ, ఇంకెవరూ తలుపు బిగించుకోకుండా చూసుకుందామని ఏటా వర్ధంతికి కొండెక్కి వచ్చి ఈ కాగితం అంటించేదీ ఆయన కవల తమ్ముడు మెతోడి."