పురిటి గదిలో మేకలు

లారీ దిగిన ఆవిడ, పురిటి గది తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగింది.

గది చూసుకునే లిద్వినా ఒకడుగు వెనక్కి వేసింది. తాళంచెవి ఆమె నడుము మడతలోనే ఉంది.

తిమోర్ కొండల్లోని ఆ ఊరికి పురిటి గది కట్టించింది పైదేశపు దాతలు. మంచాలిచ్చారు, పరుపులిచ్చారు. నర్సు కావాలని రాస్తే ఇంకొంత డబ్బు పంపారు. ఆ డబ్బుతో ఊరివాళ్ళు గోడలకి మళ్ళీ సున్నం వేశారు.

నర్సు మాత్రం నిలవలేదు. వచ్చిన ఒక్క పిల్లా కొండదారి చూసి మర్నాటి లారీకే దిగిపోయింది.

ఇప్పుడు ఆ గదిలో ఊరిపెద్ద బెనెదిక్త్ మేకలుంటున్నాయి. పరుపొకటి లిద్వినా ఇంట్లో ఉంది. నెలలు నిండిన కోడలు యుస్తీనా దాని మీదే పడుకుంటోంది.

దాతల మనిషి తనిఖీకి వస్తుందని ఊళ్ళో కొన్నాళ్ళుగా గుసగుసలు.

"ఈవిడే," అన్నాడు బెనెదిక్త్ లోగొంతుకతో. "మేకల్ని చూసిందా, మనకిక చిల్లిగవ్వ రాదు."

ఆవిడ తనెవరో చెప్పబోయింది.

"మీరెవరో మాకు తెలుసులెండి," అని అడ్డుపడ్డాడతను.

తాళంచెవి పోయిందని చెప్పింది లిద్వినా. కిటికీలోంచైనా చూస్తానని ఆవిడ వెళ్ళబోతే, లోపల కందిరీగలు పట్టాయన్నాడు బెనెదిక్త్.

అంతలో మేక అరిచింది.

"గట్టి గొంతే మీ కందిరీగలది," అంది ఆవిడ.

కడుపుతో ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది. ఉన్నారంటే గది తెరవమంటుందని, ఎవరూ లేరన్నారు. లిద్వినా అప్పటికే కోడల్ని మొక్కజొన్నల కొట్టులో కూర్చోబెట్టి తలుపేసింది.

"ఆవిడ మాట మెత్తగా ఉందత్తా," అంది యుస్తీనా తలుపు వెనకనుంచి.

"కూపీ లాగేవాళ్ళ మాట అలాగే ఉంటుంది. నువ్వు నోర్మూసుకో."

ఏ ఇంట్లోనూ ఆవిడకి తాంబూలం పెట్టలేదు. ఆ కొండల్లో పగవాడు గడప తొక్కినా పెడతారు. మర్యాద చేస్తే ఉండిపోతుందని భయం.

ఆవిడ గది మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. లారీ తిరిగి వచ్చే వేళకి లిద్వినాను దగ్గరకి పిలిచింది.

"అమ్మా, నిజం చెప్పు. ఈ ఊరికి ఏం కావాలి?"

"ఏముందక్కా, డబ్బు కావాలి. ఈసారి కాస్త ఎక్కువ పంపమను."

ఆవిడ ఆమె ముఖంలోకి చూసింది.

"అది నా దగ్గర లేదమ్మా," అని లారీ ఎక్కింది.

ఊరంతా ఊపిరి పీల్చుకుంది. బెనెదిక్త్ అందరికీ కల్లు పోయించాడు.

మూడోనాడు తెల్లారగానే యుస్తీనాకు నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి, బిడ్డ అడ్డం తిరిగిందని ముసలమ్మలు చేతులెత్తేశారు.

లిద్వినా సిగ్నల్ అందే గుట్ట ఎక్కి, కింద ఊరి చర్చి ఫాదర్‌కి ఫోన్ చేసి, బండి పంపమని ఏడ్చింది.

బండి ఎంత తొందరగా బయల్దేరినా సాయంత్రమవుతుందన్నాడు ఫాదర్. ఆ తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు ఆయన గొంతు తేలికపడింది.

"కంగారు పడకు లిద్వినా. పెద్దాసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు పురుళ్ళు పోసి, ఇక జీతం లేకుండా మీ ఊళ్ళోనే ఉండిపోతానని మొన్న వచ్చిందే, ఆ మార్గరెతమ్మని పిలువు."