ఉల్లిపాయ ఎటు దొర్లితే అటు పల్లం

ఉల్లిపాయ అత్తగారి బుట్టలోంచి జారి, మంచం కింద నుంచి దొర్లుకుంటూ పోయి, ట్రైలర్ ముందువైపు గుమ్మంలోంచి బయటికి దూకింది.

"ముందువైపు పల్లంగా ఉందేమోనండీ" అంది భార్య.

"సున్నా చూపిస్తోంది" అన్నాడు అల్లుడు, వాలు కొలవడానికి బల్ల మీద పెట్టిన ఫోను వైపు వేలు చూపిస్తూ. "ఫోను సున్నా అందంటే సున్నానే. ఉల్లిపాయదే తప్పు."

అది కారు వెనక తగిలించుకుని వచ్చిన అద్దె ట్రైలర్. చక్రాల మీద ఒక గది, అందులో రెండు మంచాలు, ఒక పొయ్యి. క్యాంపు స్థలంలో నిలిపాక ముందున్న జాకీ పిడి తిప్పి, లోపల నేల సమంగా ఉండేట్టు చూసుకోవాలి. అల్లుడు గంట నుంచి ఆ పిడితోనే కుస్తీ పడుతున్నాడు.

అత్తగారికి విహారయాత్ర అని చెప్పారు. అసలు సంగతి వేరు.

మామగారు పోయిన ఈ మూడేళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా నవ్వలేదు. అది చూడలేక కూతురూ అల్లుడూ ఆవిడకు తోడుగా ఒకాయన్ని వెతికారు. రిటైరైన ఇంజనీరు. ఆయనకూ భార్య లేదు. రేపు పదింటికి ఈ క్యాంపు టీ కొట్లో కలుద్దామన్నాడు. ఫొటోలో నున్నగా గీసిన గడ్డం, కోటు, టై. ఎప్పటి ఫొటోనో మరి. ఆవిడ ఫొటో మాత్రం ఆయనకు పంపలేదు. పంపాలంటే ఆవిడకు చెప్పాలి, చెబితే ఆవిడ కారే ఎక్కదు.

ఇంతలో గుమ్మంలో ఒక పెద్దాయన ప్రత్యక్షమయ్యాడు. చిల్లుల బనియను, గుబురు గడ్డం, చేతిలో ఉల్లిపాయ.

"మీదేనా అమ్మా? మా ట్రైలర్ దాకా వచ్చేసింది."

అత్తగారు మొహమాటంగా అందుకుంది.

"ముందువైపు నాలుగు చుట్లు ఎత్తాలి బాబూ" అన్నాడు పెద్దాయన.

"ఫోనులో చూసే చేశానండీ."

"దాని వెనక కెమెరా బొడిపె ఉంది కదా, అది ఫోన్ని ఒకవైపు ఎత్తేస్తుంది. ఓసారి అటుదిటు తిప్పి పెట్టి చూడండి."

అల్లుడికి ఒళ్లు మండింది. అతను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

"పెద్దాయనా, మిమ్మల్నెవరైనా అడిగారా? మా కొంపలో తల దూర్చకుండా మీ పని మీరు చూసుకోండి."

"నిజమే బాబూ, అడగలేదు" అని ఆయన వెనక్కి తిరిగాడు.

సరిగ్గా అప్పుడే రెండో ఉల్లిపాయ బయల్దేరింది. దాని వెనకే మూడోది. పెద్దాయన గబుక్కున వంగి, గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాచి, గోల్‌కీపరులా రెండింటినీ పట్టేశాడు.

అత్తగారు నవ్వింది. మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

కూతురు ఎక్కడిదక్కడ వదిలేసి తల్లినే చూస్తూ నిలబడిపోయింది. ఆమె కళ్లు తడిశాయి. అల్లుడు మాత్రం ఫోన్నే చూస్తున్నాడు.

ఆ రాత్రంతా ముగ్గురూ మంచాల మీద కిందికి జారుతూనే నిద్రపోయారు.

తెల్లవారి అల్లుడు లేచేసరికి ఒళ్లు జారడం లేదు. బల్ల మీద గ్లాసులో నీళ్లు తొణక్కుండా సమంగా ఉన్నాయి. అత్తగారు టీ తాగుతోంది.

"ఎవరు సరిచేశారత్తయ్యా?"

"పక్కాయన బయట పిడి తిప్పాడు. నేను లోపల గ్లాసు చూస్తూ ఇంకొంచెం, ఇంకొంచెం అన్నాను. సరిగ్గా నాలుగే చుట్లు అల్లుడుగారూ."

అల్లుడు ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. రెండు డిగ్రీలు వంకర. తిప్పి పెట్టాడు. రెండు డిగ్రీలు అటువైపు వంకర. ఫోను జేబులో వేసుకున్నాడు.

పక్క స్థలం ఖాళీగా ఉంది.

"వెళ్లిపోయాడా?"

"ఆఁ. నాతో ఏదో చెప్పబోయాడు. ఇంతలో మీ గురక వినబడి ఆగిపోయాడు."

ఆవిడ నవ్వబోయి సగంలో మానేసింది. గ్లాసు కింద పెట్టి కూతురి వైపు తిరిగింది.

"పదింటికి టీ కొట్టుకి ఎందుకో నాకు తెలుసే. మీ గుసగుసలూ విన్నాను, ఆ ఫొటో కూడా చూశాను. ఆయన్ని రావద్దని చెప్పండి."

"ఎందుకమ్మా?"

"కోటు వేసుకున్నవాడు ఉల్లిపాయలు పట్టడే."

కూతురు మొగుడి వైపు చూసింది. "నిన్న ఆ పెద్దాయన్ని తరిమింది మీరే కదా. ఈ మాట కూడా మీరే చెప్పండి" అని ఫోను కలిపి చేతిలో పెట్టింది.

ఇంతవరకూ ఆయనతో మాట్లాడిందంతా ఆమే, అదీ మెసేజీల్లోనే. అల్లుడు ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"నమస్కారమండీ, నేను అల్లుణ్ణి. ఇవాళ పదింటికి..."

"నేనే చేద్దామనుకుంటున్నాను బాబూ" అంది అవతలి గొంతు. "క్షమించాలి, నేను రాలేను. దారిలో ఉన్నాను, బండి పక్కకు ఆపి మాట్లాడుతున్నాను."

"ఏమైందండీ?"

"దాచడమెందుకు. నిన్న పక్క ట్రైలర్లో ఒకావిడ నవ్వింది. ఆ నవ్వు మనసులో పెట్టుకుని వచ్చి మీ అత్తగారి ఎదురుగా కూర్చోవడం న్యాయం కాదు."

అల్లుడు గుమ్మం దాకా వెళ్లి ఖాళీగా ఉన్న పక్క స్థలం చూశాడు.

"మరి... ఆ సంగతి ఆవిడకే చెప్పకపోయారా?"

"చెప్పేవాణ్ణే. ఆవిడకో అల్లుడున్నాడు బాబూ, మహా మొండిఘటం. ఎదురుగా ఉల్లిపాయ దొర్లినా నమ్మడు."

అల్లుడు గ్లాసులో నీళ్ల వైపు చూశాడు. తర్వాత అత్తగారి వైపు చూశాడు.

"ఎంత దూరం వెళ్లారో గానీ బండి వెనక్కి తిప్పండి మామయ్యగారూ" అన్నాడు, "ఆ మొండిఘటాన్ని నేనే."