మధ్య కుర్చీ

"ఆ కుర్చీ వదలండి సార్. ఈ చర్చలు నడపాల్సింది నేను," అన్నాడు రాజధాని నుంచి వచ్చిన ప్రత్యేక దూత.

"ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే! ఆరేళ్లుగా ఇక్కడ రాయబారిని నేను!"

ఇద్దరూ మధ్య కుర్చీని చెరోవైపు లాగుతున్నారు. బల్లకు అవతల పొరుగు దేశపు మంత్రి గడియారం చూసుకున్నాడు. ఆయన చేతికింద, తన జైల్లో ఉన్న ఈ ఇద్దరి దేశపు పదకొండు మంది నావికుల విడుదల ఒప్పందం కాగితం ఉంది. వాళ్లలో ఒకడు, బల్ల చివర కూర్చుని ఇరువైపుల మాటలూ అనువదిస్తున్న దుబాసీకి తమ్ముడు.

మంత్రి తన భాషలో ఆమెను అడిగాడు. "ఏమంటున్నారమ్మా? పన్నెండింటికి నేను లేస్తాను. మళ్లీ ఆరు నెలల తర్వాతే."

"సంతకం నాది!" అరిచాడు దూత.

"నాది!" అరిచాడు రాయబారి.

మంత్రి భాష ఆ ఇద్దరికీ రాదు, వాళ్ల భాష మంత్రికీ రాదు. దుబాసీ మంత్రికి వినయంగా చెప్పింది. "మీ షరతులన్నీ ఇద్దరికీ సమ్మతమేనట. సంతకానికి తొందరపడుతున్నారు."

మంత్రి సంతకం పెట్టి కాగితం ముందుకు తోశాడు. ఇద్దరూ చదవకుండానే దాని మీద పడి సంతకాలు చేసేశారు.

మంత్రి వెళ్లాక రాయబారి చెమట తుడుచుకున్నాడు. "అంత మొండిఘటం ఎలా ఒప్పుకున్నాడమ్మా?"

"మీ మాటకు తట్టుకోలేక, సార్," అందామె, తడికళ్లతో.

"ఎవరి మాటకి?"

ఇద్దరూ ఒక్కసారే అడిగారు.