వంతెన కింది చరిత్ర

"తెడ్డు వెయ్యమ్మా! ఆనకట్ట మీదికి కొట్టుకుపోతున్నాం!" అని అరిచాడు ముందు సీట్లోని వాన్నూచి, ఒకప్పటి నది అధికారి.

వెనక కూర్చున్న గైడు ఫియమ్మెత్తా తెడ్డు ఎత్తిపట్టి, కయాక్ పడవను ఆర్నో నది ప్రవాహానికి వదిలేసింది.

"మీరు లైసెన్సు రద్దు చేసిన పడవవాడు ఆత్తీలియో గుర్తున్నాడా? మా నాన్న. ఆ చలికాలమే బెంగతో పోయాడు."

"అలాంటివాళ్లని నలభైమందిని పంపేశాను. ఎవణ్ణని గుర్తుపెట్టుకోను?"

ఇతన్ని ముంచితే, ఎందుకు మునిగాడో తెలియకుండానే పోతాడని ఆమెకు అప్పుడు అర్థమైంది.

తెడ్డు దించి, మిగతా యాత్రికులు తమ పడవల్లో ఆగివున్న వంతెన కిందికి పడవను తిప్పింది. ప్రతి వంతెన దగ్గరా గైడు చరిత్ర చెప్పడం ఫ్లోరెన్స్‌లో ఆనవాయితీ.

"ఇక్కడ ఆత్తీలియో అనే పడవవాడు బతికాడు. అతని పొట్ట కొట్టిన పెద్దమనిషి వాన్నూచి, ఈయనే."

"ఆపు! పరువు తీస్తావా?"

"ఇవాళ మొదలండీ. రేపట్నుంచి రోజూ రెండుపూటలా చెబుతాను."